లేని కాలు నొవ్వకూడదని

తీసేసిన కాలు నొప్పి పెడుతుందంటే చాలామంది నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే మా ఇంట్లోనే చూశాను. మా అక్క కృష్ణవేణికి కుడి కాలు మోకాలి కింద తీసేసి ఏళ్లు గడిచినా ఆ లేని పాదం ఆమెను ఒక్క రోజు కూడా వదల్లేదు. తర్వాత నా కాలూ పోయింది. నా కాలు ఎందుకు నొవ్వలేదో, మా అక్క ఏమైందో రాసి పెట్టాలనిపించింది. ఎవరికైనా పనికొస్తే సంతోషం. రాస్తే నా గుండె బరువైనా కాస్త దిగుతుందేమో.

మాది రాజపాళయం. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అక్కా నేనూ చిన్న వయసు నుంచీ సత్రపట్టిలో బ్యాండేజి గుడ్డ నేసే మరమగ్గాల మీద పని చేశాం. బావ చనిపోయాక అక్క మా ఇంటికి వచ్చేసింది. ఆమెకు పిల్లలు లేరు. మా కూతురు పెళ్లయి శివకాశిలో ఉంది కాబట్టి ఇంట్లో ముగ్గురమే: అక్క, నేను, నా భర్త గురుసామి. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. అమ్మ ఇచ్చిన ఆస్తి అన్నట్టు అక్కకూ నాకూ ఇద్దరికీ సుగరు.

అక్క అరికాల్లో మేకు గుచ్చుకున్నప్పుడు ఆమెకు తెలియనే లేదు. తెలిసేసరికి విషం పైకి ఎక్కింది. ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజే కాలు తీసేశారు, ఆగడానికి వ్యవధి లేదు. స్ట్రెచరు మీద తీసుకెళ్తున్నప్పుడు నొప్పికి ఆమె కాలివేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. ఆ పాదం వెళ్లిపోయింది. ముడుచుకున్న వేళ్లు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయాయి.

"గోళ్లు అరికాల్లోకి దిగతా ఉండాయి సరసూ, విప్పలేకుండా ఉండాను" అనేది. వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి కత్తి కింద పెట్టేసి పంటి బిగువున కూర్చునేది. మాత్రలు వేసుకుంటే మత్తు వచ్చేది కానీ నొప్పి పోయేది కాదు. ఒక్కోసారి మంచం మీద పాదం ఉండాల్సిన చోట ఉత్త దుప్పటిని రుద్దమనేది. నేను రుద్దేదాన్ని. "ఇంకొంచెం కింద, ఆ, అక్కడ" అనేది. వీధిలో వాళ్లు అది చూసి అక్కకు మతి చెడిందన్నారు. మా చిన్నాన్న భార్య తాయెత్తు కట్టించింది. అక్క ఆ తాయెత్తును కూడా కాదనకుండా కట్టుకుంది.

నిరుడు పంగుని నెలలో, ఎండలు మొదలయ్యే వేళ, నా ఎడమ కాలి చిటికెన వేలిని కొత్త చెప్పు కరిచింది. చిన్న పొక్కు. అక్క బతుకు చూసినదాన్ని కదా, రోజూ కడిగి, తుడిచి, మందు రాసి జాగ్రత్తగానే ఉన్నాను. అయినా మానలేదు. మరుసటి నెల చిత్తిరై ఎండలు ముదిరేసరికి వేలు నల్లబడింది. పైన ముట్టుకుంటే తెలిసేది కాదు కానీ లోపల ఎముకను ఎవరో రంపంతో కోస్తున్నట్టుండేది. కాలు కిందికి వేలాడేసి కూర్చుంటేనే కొంచెం తెరిపి.

మా ఊరి డాక్టరు చూసి మదురై వెళ్లమన్నాడు. ఇంట్లో గొడవ అప్పుడు మొదలైంది.

"మంసాపురం పక్కన ఒక నాటు వైద్యుడు ఉండాడంట" అన్నాడు మా ఆయన. "పచ్చాకు కడితే పుండు ఆరిపోతాదంట. ఒక వారం చూస్తామే."

"తెలీకుండా పోయిన ఒక వారమే నా కాలిని తీసుకొని పోయినాది" అంది అక్క. "మరిదీ, నీకు చేతులెత్తి మొక్కుతాను, ఆలస్యం చేయొద్దు."

"కోసేయమని చెప్పేది సులభం వదినె!"

ఆ మాట అన్నాక ఆయనే తల దించుకున్నాడు. కోయించుకున్న మనిషితోనే ఆ మాట అన్నానని ఆయనకు తెలిసింది. అన్నం తినకుండా వెళ్లి వ్యానులో కూర్చున్నాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడని ఎదురింటావిడ వచ్చి చెప్పింది. మర్నాడు వ్యానులో పరుపు వేసి నన్ను మదురై తీసుకెళ్లాడు. అక్క కూడా కర్రలు తీసుకుని ఎక్కింది.

మదురై ఆస్పత్రిలో వేచి ఉండే గది ఒకటి ఉంది. వరసగా ఇనుప కుర్చీలు. అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు, పాదాలే చూస్తారు. ఎవరికి ఎంత మేర కట్టు ఉంది, ఎవరి చెప్పు ఖాళీగా ఉంది. నా పేరు పిలిచేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఒక ముసలాయన, ఎవరో ఏ ఊరో తెలియదు, నేను కాలు పెట్టుకోలేక అవస్థ పడుతుంటే తన భుజం మీది తువ్వాలు మడిచి నా మడమ కింద పెట్టాడు. ఆయనను లోపలికి పిలిచినప్పుడు ఆ తువ్వాలు వెనక్కి ఇవ్వబోతే, ఉంచుకోమన్నట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

సర్జన్ చూసి, మోకాలి కింద తీసేయాలన్నాడు. కాలు పోతుందని నాకు లోపల ఎప్పుడో తెలుసు, అందుకని ఏడుపు రాలేదు. నా భయం వేరే.

"కాలు తీసుకోండి సార్" అన్నాను. "మా అక్కకు వచ్చిన నొప్పి నాకు రాకూడదు. దానికి ముందే ఏమైనా చేసే దారి ఉందా?"

"ఊరుకో సరసూ, పెద్ద డాక్టరుతో ఎదురు మాట్లాడొద్దు" అని మా ఆయన నా చెయ్యి నొక్కాడు. సర్జన్ మాత్రం కోప్పడలేదు. మత్తు డాక్టరును పంపిస్తాను, ఆమెను అడగమన్నాడు.

మత్తు డాక్టరమ్మ సాయంత్రం వార్డుకు వచ్చింది. మా కూతురి కంటే కొంచెం పెద్ద వయసు ఉంటుంది. నిలబడి మాట్లాడి వెళ్లిపోతుందనుకున్నాను. నా మంచం మీద కూర్చుంది. ఆ ఆస్పత్రిలో నా మంచం మీద కూర్చున్న డాక్టరు ఆమె ఒక్కతే. అరవంలో నిదానంగా చెప్పింది. కోతకు ముందు చాలాకాలం నొప్పి పడిన కాలు, పోయాక కూడా చాలామందిలో నొస్తూనే ఉంటుందట. నరాలూ మెదడూ ఆ నొప్పిని అలవాటు చేసుకుంటాయట. అందుకని ముందే కాలిని నిద్రపుచ్చాలి. వీపులో సన్నటి గొట్టం పెట్టి మందు ఎక్కిస్తూ ఉంటారు. ఆపరేషనుకు ముందు మొదలుపెట్టి, తర్వాత కొన్నాళ్లు ఆపకుండా ఇస్తారు.

"రానే రాదని నేను మాట ఇవ్వలేనమ్మా" అంది. "ఇంత చేసినా కొందరికి వస్తుంది. వచ్చినా తక్కువగా ఉండొచ్చు. ప్రయత్నం చేద్దాం."

"వీపులో గొట్టమా?" అని మా ఆయన బెదిరిపోయాడు. ఆమె ఆయనకు మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

అక్క అంతసేపూ గోడకు కర్రలు ఆనించి స్టూలు మీద కూర్చుని వింటోంది. అంతా అయ్యాక అడిగింది.

"డాక్టరమ్మా, నాకు అప్పుడు ఇది చేసింటే?"

డాక్టరమ్మ అక్క కాలు ఎప్పుడు, ఎలా పోయిందో అడిగి తెలుసుకుంది. "మీ ప్రాణం కాపాడటానికే తొందరపడి ఉంటారు. అప్పుడు దీనికి సమయం ఉండేది కాదేమో. చేసినా ఫలితం ఉండేదో లేదో, నిజంగా నాకు తెలియదమ్మా" అంది.

"తెలీదా?" అంది అక్క. "సరి" అని, నా జడ విప్పి దువ్వడం మొదలుపెట్టింది. చిక్కు లేకపోయినా దువ్వుతూనే ఉంది.

గొట్టం పెట్టే రోజు పొద్దున అక్క నా పాదం కడిగింది. నల్లబడిన మేర వదిలి మిగిలిన చోట పసుపు రాసింది. మెట్టె వాపుకు దిగిపోయి ఉంది, నర్సు పటకారుతో కత్తిరించి తీసి అక్క చేతిలో పెట్టింది. అప్పుడు అక్క నా వేళ్లు ఒక్కొక్కటే పట్టుకుంది.

"చాపు" అంది.

"నొప్పిగా ఉండాదక్కా."

"తెలుసు. ఐనా చాపు. వేళ్లన్నీ చాపి పెట్టుకో. నాది ముడుచుకోని పోయినాది, ఇంకా అట్లనే ఉండాది. నీది చాపుకోని పోవాల."

నేను చాపాను. కళ్లల్లో నీళ్లు కారాయి. మందు ఎక్కి కాలు మొద్దుబారేదాకా, తర్వాత కూడా, ఆమె ఆ వేళ్లను తన చేత్తో తిన్నగా పట్టుకునే కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, అది వైద్యమని అనలేదు, వద్దనీ అనలేదు.

నొప్పి ఆగింది. నెలల తర్వాత మొదటిసారి. నొప్పి ఆగాకే దాని శబ్దం ఎంతో తెలిసింది. మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు చెవులు దిమ్మెక్కినట్టు ఉంటుందే, ఒళ్లంతా అలా అయింది. నిద్రపోయాను.

చిత్తిరై పోయి వచ్చిన వైకాసి నెలలో నా కాలు తీసేశారు. మెలకువ వచ్చాక కొంతసేపు కిందికి చూడలేదు. పాదం ఉన్నట్టే ఉంది. వెచ్చగా, దుప్పటి కింద ఊరికే పడి ఉన్నట్టుగా. అక్క నా మొహం మీదికి వంగింది.

"ఉందా?"

"ఉంది."

"ముడుచుకోని ఉందా?"

"లేదక్కా. చాపినట్లే ఉంది."

అక్క ఏడ్చింది. తన కాలు పోయిన రోజున కూడా నేను ఆమె ఏడవడం చూడలేదు.

గొట్టం తీసేసినప్పుడు మళ్లీ భయం. ఇప్పుడు మొదలవుతుందేమోనని రెండు చేతులతో మంచం పట్టుకుని కాచుకున్నాను. కోత నొప్పి వచ్చింది, అది ఉన్న కాలి నొప్పి, ఓర్చుకోవచ్చు. లేని పాదంలో అప్పుడప్పుడూ చీమ పాకినట్టు, ఒక్కోసారి సన్నటి పోటు. అంతే. వ్యాయామం చేయించే అమ్మాయి రోజూ వచ్చి మోకాలి కింద మిగిలిన మొండి మీద దూదితో, తర్వాత గరుకు గుడ్డతో రుద్దించేది, వేళ్లతో తట్టించేది. రెండు కాళ్ల మధ్య అద్దం నిలబెట్టి, ఉన్న కాలిని అందులో చూస్తూ కదపమనేది. అద్దంలో చూస్తే రెండు కాళ్లూ ఉన్నట్టే ఉండేది. మొదటిసారి చూసినప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ అమ్మాయి నా వీపు నిమిరి, రేపు చేద్దామంది.

ఇంటికి వచ్చాక బాగుండాలి కదా. బాగాలేదు.

మూడు నెలలకు, ఆవణిలో, నాకు కృత్రిమ కాలు పెట్టారు. వాకిట్లో గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నాను. మా ఆయన వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. అక్క మాత్రం నేను నడిచేటప్పుడు లోపలికి వెళ్లిపోయేది. తన నొప్పి గురించి నాకు చెప్పడం మానేసింది. దుప్పటి రుద్దమని అడగడం మానేసింది. తలుపు దగ్గరగా వేసుకుని చీర కొంగు నోట్లో కుక్కుకునేది. నాకు వినబడేది.

ఒక రోజు భరించలేక తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"నాకెందుకు చెప్పవు అక్కా?"

"ఏమని చెప్పేది?" అంది. "నీకు నొప్పి రాకూడదని నేనే మొక్కినాను. రాలేదు. రొంబ సంతోషం. అది నిజం. నువ్వు నడస్తా ఉంటే నా కడుపు మండతాది. అదీ నిజమే. ఇట్ల బుద్ధి ఉండే మనిషిని నువ్వు చూడొద్దు, పో."

నేను వెళ్లలేదు. ఆమె పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆమె తనంతట తనే నా ఒళ్లో తల పెట్టుకుంది.

మర్నాడు మా ఆయన చేత బీరువా తలుపు అద్దం ఊడదీయించాను. ఆస్పత్రిలో నాకు చేయించినట్టే అక్క రెండు కాళ్ల మధ్య నిలబెట్టాను. ఎడమ కాలు అద్దంలో కుడి కాలై కనబడింది. అక్క చాలాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయింది.

"ఇప్పుడు వేళ్లు ముడుచు. నిదానంగా విప్పు" అన్నాను.

ముడిచింది. విప్పింది. మళ్లీ ముడిచింది. ఒక్కసారిగా నా మోచెయ్యి పట్టుకుంది.

"విప్పుకొనింది సరసూ! బొటనవేలు విప్పుకొనింది!"

ఎంతోసేపు నిలవలేదు. మధ్యాహ్నానికి మళ్లీ ముడుచుకుంది. అయినా ఆ అద్దాన్ని ఆమె మంచం పక్కనుంచి కదపనివ్వలేదు. ఆ తర్వాతి పురటాసి నెలంతా పొద్దునా సాయంత్రం చేసింది. కొన్ని రోజులు పనిచేసేది, కొన్ని రోజులు చేసేది కాదు. పనిచేసిన రోజు మాకు కాఫీ తనే పెట్టేది.

కార్తిగై నెల వానల్లో ఆమె ఎడమ పాదానికి పుండు పడింది. అద్దంలో చూసుకునే పాదానికే.

ఈసారి ఎవరూ వాదించలేదు. మా ఆయనే ముందు వ్యాను తీశాడు. మదురైలో పరీక్షలన్నీ చేసి, కాలు తీయక తప్పదని, గుండె కూడా బలహీనంగా ఉందని చెప్పారు. అదే డాక్టరమ్మ వచ్చింది. మళ్లీ మంచం మీదే కూర్చుంది. ఆపరేషను తట్టుకోకపోవచ్చని దాచకుండా చెప్పింది. చేయకపోతే ఏమవుతుందో కూడా చెప్పింది.

"ఇంట్లో అడిగి చెప్పండి" అంది.

"ఎవర్ని అడిగేది? కాలు నాదే కదా" అంది అక్క. "సరసూకి పెట్టినారే, ఆ గొట్టం నాకూ పెట్టండి. తర్వాత ఏమైనా కానీ."

పెట్టారు. ఈసారి వేళ్లు పట్టుకునే వంతు నాది. మందు ఎక్కుతూ ఎక్కుతూ ఎడమ కాలు మొద్దుబారింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఏదో విన్నట్టు అక్క తల కొంచెం పక్కకు తిప్పింది.

"సరసూ."

"ఏమక్కా?"

"ఆ కాలు కూడా నొయ్యలేదు."

"ఏ కాలు?"

"లేనిది."

నేను పరుగెత్తలేను కాబట్టి మా ఆయన పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. కొందరికి అలా జరుగుతుందని, మందు ఉన్నంతసేపే ఉండొచ్చని ఆమె చెప్పింది. అక్కకు ఆ రెండో మాట పట్టలేదు. దిండుకు ఆనుకుని కూర్చుంది. ఇడ్లీ కావాలంది. మర్నాటి ఆపరేషనుకు కడుపు ఖాళీ పెట్టడానికి ఇంకా వ్యవధి ఉందని నర్సు చెబితే మా ఆయన తెచ్చాడు. తింటూ, మగ్గం దగ్గర మేస్త్రీని ఏడిపించిన సంగతులు చెప్పింది. పక్క మంచాల వాళ్లు కూడా నవ్వారు. బావ పెళ్లిచూపులకు వచ్చినప్పుడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పింది. ఎన్నేళ్లుగానో మా ఇంట్లో ఉన్న మనిషి, ఇన్ని మాటలు లోపల పెట్టుకుని ఉందని నాకు తెలియదు. నొప్పి ఆమెను ఎంత తినేసిందో ఆ ఒక్క పూటలో చూశాను. మాటల మధ్యలోనే నిద్రపోయింది. గురక పెట్టింది. నర్సు వచ్చి చూసి దుప్పటి సర్ది వెళ్లింది.

మర్నాడు పొద్దున లోపలికి తీసుకెళ్లారు. స్ట్రెచరు కదిలేటప్పుడు, "కాఫీ పెట్టుకోని ఉండు, వస్తాను" అంది, ఇంట్లో ఉన్నట్టే.

ఆ ఇనుప కుర్చీల్లోనే కూర్చున్నాం. డాక్టరమ్మ బయటికి వచ్చింది. ఆమె మాస్కు తీయకముందే మా ఆయనకు అర్థమై లేచి నిలబడ్డాడు. ఆపరేషను అయిపోయాక గుండె ఆగిందని చెప్పింది. చేయగలిగినంత చేశామంది. నా పక్క కుర్చీలో కూర్చుని, "నొప్పితో పోలేదమ్మా. అది మాత్రం నేను చెప్పగలను" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె మీద నాకు కోపం లేదు. ఎవరి మీదా లేదు. ఉంటే ఇంకొంచెం సులభంగా ఉండేదేమో.

ఇది జరిగి నెలలైంది. నా లేని పాదంలో ఇప్పటికీ అప్పుడప్పుడూ చీమలు పాకుతాయి. తట్టుకుంటాను, రుద్దుకుంటాను, పోతుంది. నేను మళ్లీ సత్రపట్టికి వెళ్తున్నాను. మగ్గం మీద కాదు, కూర్చుని గుడ్డ మడతపెట్టే పని. ఇంట్లో కాఫీకి ఇప్పటికీ మూడు గ్లాసులు దించుతాను, ఒకటి మళ్లీ పైన పెడతాను.

కాలు తీయాలని ఎవరికైనా చెప్పారని తెలిస్తే వెళ్లి చెబుతున్నాను: సిగ్గుపడకండి, కోయకముందే అడగండి, తర్వాత నొప్పి రాకుండా ముందే ఏం చేస్తారని. అందరికీ ఒకేలా కుదరకపోవచ్చు. అడిగితే చెప్పే డాక్టర్లు ఉన్నారు.

మొన్న చోళపురంలో ఒక రైతు ఇంటికి వెళ్లాను. ఆయన మా ఆయన వయసు వాడు, పాదానికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను చెప్పినదంతా విన్నాడు. నా కృత్రిమ కాలిని కాసేపు చూశాడు.

"అట్లైతే నీకు ఇప్పుడు నొప్పే లేదామ్మా?" అన్నాడు.

"కాలికి లేదన్నా" అన్నాను.

ఆయన భార్య నా వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.